బొట్టు లేని పలక

నాకు సంతకం వరకే వచ్చు. అందుకని ఇది నేను చెబుతున్నాను, సలోమి రాస్తోంది. సలోమి మా మేరీ కూతురు, డిప్లొమా చదివింది. నేను మానేసిన చోటే వచ్చే సోమవారం నుంచి చేరుతోంది. "పెద్దమ్మా, అక్కడ పనెలా ఉంటదో చెప్పవా?" అని అడిగింది. చెబితే ఇదొక్కతే వింటుంది, రాస్తే దీనితో చేరేవాళ్లంతా చదువుకుంటారు కదా అని కూర్చోబెట్టాను. "తప్పులు దిద్దమంటావా?" అంది. అక్షరాలు దిద్దు, మాటల జోలికి రాకు అన్నాను. మొహం ముడుచుకుంది. అయినా రాస్తోంది.

ఏమిటా పని

మేం చేసింది కళ్లజోళ్లు. చత్వారానికి పెట్టుకునేవి కావు. ఇవి తగిలించుకుంటే ఎదురుగా ఉన్న గోడా కనిపిస్తుంది, గోడకు ముందు గాలిలో రంగుల బొమ్మా కనిపిస్తుంది. చెవి పక్కన కాడలో అగ్గిపెట్టె కన్నా చిన్న లైటు డబ్బా ఉంటుంది. బొమ్మ వెలుగు అందులోంచి వచ్చి అద్దంలోకి దూరుతుంది. అద్దం లోపలే ఇటూ అటూ తగులుతూ, గెంతుకుంటూ పోయి, సరిగ్గా కంటి ఎదుట బయటపడుతుంది. దూరేచోటా బయటపడేచోటా అద్దం మీద గీతలుంటాయి. కంటికి ఆనేంత గీతలు కావవి. ఆ గీతలే డిజైను, డిజైనంతా ఆ గీతలే. ఆ అద్దాన్ని చదువుకున్నవాళ్లు వేవ్‌గైడ్ అన్నారు. మేం పలక అన్నాం.

మా షెడ్డు నందిగామ దాటాక హైవే పక్కన ఉంది. అంతకుముందు అది పత్తి జిన్నింగు మిల్లు. ఓనరు రంగారావు గారిది కంచికచర్ల వైపు భూములున్న కుటుంబం. పత్తిలో దెబ్బ తిన్నాక ఎవరో ఆయన చెవిలో ఈ కళ్లజోళ్ల సంగతి వేశారు. పత్తి దుమ్ము తప్ప మరొకటి ఎరగని షెడ్డులో, దుమ్మే పడకూడని పని మొదలుపెట్టిన మహానుభావుడాయన. మధ్యలో అద్దాల గోడలు లేపి, గాలి వడబోసే ఫ్యాను పెట్టించి, దానికి క్లీన్ రూమ్ అని పేరు పెట్టారు. పైన రేకుల సందుల్లో దూది మాత్రం అలాగే వేలాడుతూ ఉండేది.

మాది జగ్గయ్యపేట. మా ఆయన పోయాక మిర్చి కల్లాల్లో తాలు కాయలు ఏరేదాన్ని. తాలంటే రంగు చచ్చి తెల్లబారిన కాయ. మేరీది వత్సవాయి, పత్తి తీతకు వెళ్లేది. మా ఇద్దరినీ పనిలోకి తీసుకున్న రోజు రంగారావు గారు, "మిర్చి ఏరినోళ్ల కళ్లు చురుగ్గా ఉంటాయి" అన్నారు. చురుకు మాట దేవుడెరుగు, చవగ్గా వస్తామని ఆయనకు తెలుసు.

గీతలు గీసేది హర్ష. బందరు పిల్లాడు, బాగా చదువుకున్నవాడు, తిండి ధ్యాస లేనివాడు. అతను గీసిన గీతలు ఎక్కడో అచ్చు పోసుకుని వచ్చేవి. మా పని ఆ అచ్చుతో. పలకను కడగడం, దాని మీద జిగురు చుక్క వేయడం, అచ్చు నొక్కడం, ఊదా లైటు కింద అది గట్టిపడ్డాక అచ్చును ఊడదీయడం. చాప మీద ఎండిన మామిడి తాండ్రను ఒక అంచు దొరకబుచ్చుకుని ఎలా లేపుతామో అలా. తొందరపడితే చిరుగుతుంది, భయపడితే అతుక్కుంటుంది. ఆ పైన దాన్ని జోడులో బిగించి, కళ్లకు పెట్టుకుని, ఏం కనిపిస్తోందో చెప్పడం. కంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యేదాకా అదే నా బతుకు. ఆపరేషన్ తర్వాత నీలం నాకు మరీ ఎక్కువ కనిపించడం మొదలైంది. "పిన్నిగారూ, మీ కళ్లకిప్పుడు వేరే డిజైను కావాలి" అన్నాడు హర్ష. అది విని ఇంటికొచ్చేశాను.

ముక్కు సంగతి ముందు

మొదట చేసిన జోడులో మూడు పలకలుండేవి. ఎరుపుకొకటి, ఆకుపచ్చకొకటి, నీలానికొకటి. ఈ మూడు రంగులూ కలిస్తే లోకంలో ఉన్న రంగులన్నీ వస్తాయట. వచ్చాయి కూడా. బొమ్మ దివ్యంగా ఉంది. ముక్కు పనే అయిపోయింది.

రంగారావు గారు అందరి ముందూ ఆ జోడు పెట్టుకుని, నీళ్ల బిందె నెత్తిన పెట్టుకున్న ఆడదానిలా మెడ బిగబట్టి నడిచారు.

"ఎలా ఉంది సార్?" అన్నాడు హర్ష.

"అసలు పెట్టుకున్నట్టే లేదయ్యా!"

"పెట్టుకున్నట్టు లేదంట అక్కా, మోస్తున్నట్టుందంట" అని మేరీ నా చెవిలో ఊదింది. జోడు తీశాక చూస్తే ఆయన ముక్కుకు రెండు పక్కలా ఎర్రగా గుంటలు. ఆ రోజంతా ఆ గుంటలతోనే అందరికీ తేలిక గురించి చెప్పారు.

తరువాత ఆయన భార్య సుగుణమ్మ గారు పెట్టుకున్నారు. పెట్టుకోవడమేమిటి, కెవ్వుమన్నారు. ఆవిడకు రాళ్ల ముక్కుపుడక. జోడు ఆనే మెత్త సరిగ్గా దాని మీదే కూర్చుంది.

"ఏవయ్యా హర్షా, ఇది ఎవరి ముక్కుకు చేశావు?"

"కంప్యూటర్లో ఒక ముక్కుంటుందండీ. దాని కొలతలే."

"ఆ కంప్యూటరు ముక్కు కుట్టించుకోలేదా?"

ఆవిడ నోట వచ్చిన మాటల్లో నాకు నచ్చింది అదొక్కటే. హర్ష కూడా నవ్వాడు, కానీ మర్నాడే ఆ మెత్తను పైకి జరిపాడు. చేరబోయే పిల్లలు ఈ ముక్క మాత్రం కొంగున ముడేసుకోండి. మీరు గీసేది కంప్యూటర్లోనే. అది వెళ్లి కూర్చునేది మాత్రం చెమట పట్టే ముక్కు మీద, కొబ్బరినూనె రాసిన చెవుల మీద. ఆ నూనె అంటి ఎన్ని పలకలు మసకబారాయో నాకు తెలుసు.

ఎక్స్‌ప్రెస్ బస్సు

బరువు తగ్గాలంటే మూడు పలకల పని ఒక్క పలకే చేయాలి. అక్కడే వచ్చింది చిక్కు. ఒక్క పలకలో మూడు రంగులూ తోలితే బొమ్మ ఒక పక్క నీలంగా, ఒక పక్క మచ్చలు మచ్చలుగా వచ్చేది. ఎరుపు ఉన్నచోట ఉండేది, లేనిచోట లేదు.

ఓసారి బస్సు కోసం నిలబడి ఉంటే హర్షను అడిగాను. "బాబూ, ఆ ఎరుపుకేం రోగం?"

"ఎరుపు ఎక్స్‌ప్రెస్ లాంటిది పిన్నిగారూ. జగ్గయ్యపేటలో లేస్తే నందిగామలో ఆగుద్ది, నందిగామలో లేస్తే కంచికచర్లలో. దాని గెంతులు దూరం దూరం. నీలం ప్రతి ఊళ్లోనూ ఆగుద్ది. మధ్య ఊళ్లో కన్ను నిలబడిందనుకోండి, నీలం దొరుకుద్ది, ఎరుపు దొరకదు."

"ఎర్రబస్సంటే ఊరూరా ఆగేది కదయ్యా!" అంది మేరీ.

"ఈ రూట్లో తిరగేశారు మేరీ గారూ."

"సరే, ఆ ఎరుపును కూడా మధ్యలో దించే ఉపాయం చూడు" అన్నాను.

"ఉంది. పలకను పల్చన చేస్తే గెంతులు దగ్గరవుతాయి. ఎరుపూ మధ్యలో దిగుద్ది, బరువూ తగ్గుద్ది."

"మరింకేం, చేసెయ్."

"పల్చనైతే వెలుగు అటూ ఇటూ మరీ ఎక్కువసార్లు తగులుద్దండి. తగిలినచోట నలుసుంటే అక్కడ చెదిరిపోద్ది. లావు పలక మీద పది నలుసులున్నా పర్లేదు. పల్చటిదాని మీద ఒక్కటున్నా మసకే."

నేనూ మేరీ ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. రేకుల సందుల్లో దూది గుర్తొచ్చింది ఇద్దరికీ.

రంగారావు గారికి ఆ పల్చటి పలక నచ్చలేదు. "అప్పడంలా ఉందేంటయ్యా? చేతికి కాస్త బరువు తగిలితేనే కొనేవాడికి నమ్మకం" అన్నారు. తేలిక కళ్లజోళ్లు అమ్ముతూ, బరువుంటేనే నమ్మకమనే మనిషి దగ్గర డిజైను చేయడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. చివరికి ఆయన కోసం రెండు పలకల లావు డిజైను ఒకటి, హర్ష తన కోసం ఒక్క పలక పల్చటి డిజైను ఒకటి, రెండు అచ్చులు తయారయ్యాయి.

మిరపకాయను నమ్మకండి

ఎరుపు వచ్చిందో లేదో చూడ్డానికి రంగారావు గారు ఎంచిన బొమ్మ మిర్చి కల్లం. రాశులు రాశులుగా పండు మిరప. "మన ఊరిది, మన బొమ్మ" అన్నారు. రోజూ అదే చూసి, ఎరుపు బాగుంది, బాగుంది అని చెబుతూ వచ్చాం. అందరం. సుగుణమ్మ గారైతే, "కారం కళ్లలోకొచ్చినట్టుంది" అన్నారు.

ఒకనాడు హర్ష చడీచప్పుడు లేకుండా ఏదో చేసి, జోడు ఒక్కొక్కరికీ ఇచ్చాడు. "ఎరుపు ఎలా ఉంది?"

"నిగనిగలాడుతోంది" అన్నారు రంగారావు గారు.

"బానే ఉంది బాబూ" అన్నాను.

"తొడిమలు కూడా లెక్కెట్టొచ్చు" అంది మేరీ.

"ఎరుపు సగానికి పైగా తగ్గించి ఇచ్చానండీ ఇందాక" అన్నాడు హర్ష.

మిరపకాయ ఎర్రగా ఉంటుందని పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలిసినవాళ్లం. కంటికి అందకపోయినా మనసే రంగు వేసేసుకుంది. ఆ రోజు నుంచి మిర్చి బొమ్మ తీసేసి తెల్ల కాగితం బొమ్మ పెట్టాడు. తెల్ల కాగితం మొహమాటపడదు. ఎరుపు తక్కువైతే అక్కడ పచ్చగానో నీలంగానో పాలిపోతుంది, దుమ్ముంటే అక్కడ మసకేస్తుంది. రంగారావు గారికి మాత్రం ఆ బొమ్మంటే పడేది కాదు. "తెల్ల కాగితం చూడ్డానికి ఎవడు డబ్బులిస్తాడయ్యా?" అనేవారు. ఇప్పుడు చేరేవాళ్లకు నేను చెప్పేదేమంటే, మీకు బాగా తెలిసిన బొమ్మతో పలకను పరీక్షించకండి. తెలిసినదాని మీద కన్ను అబద్ధం చెబుతుంది. మొగుడి మీద పెళ్లాం చెప్పినట్టు.

ట్రాక్టరుకు పెట్టమా?

ఇక అసలు సంగతి. హైదరాబాదు నుంచి ఒక పెద్ద కంపెనీ తరఫున మనిషి వచ్చి మా జోడు చూస్తారని కబురొచ్చింది. విజయదశమి మర్నాడు. నచ్చితే పని కొనసాగుతుంది. నచ్చకపోతే షెడ్డును టైల్స్ కొట్టుకు ఇచ్చేస్తానని రంగారావు గారు మా మొహం మీదే చెప్పేశారు. టైల్స్ కొట్టులో మాకేం పని ఉంటుంది? మేరీ మళ్లీ పత్తి చేలకు, నేను మళ్లీ మిర్చి కల్లానికి. ఆ ఘాటుకు నా గొంతు అప్పటికే బొంగురుపోయింది. ఇంకో వేసవి అక్కడ కూర్చుంటే దగ్గుతోనే పోతానని నాకు తెలుసు.

విజయదశమి నాడు ఆయుధ పూజకని సుగుణమ్మ గారు పసుపు, కుంకుమ, గుమ్మడికాయ, సాంబ్రాణి పట్టించుకుని దిగారు. హర్ష క్లీన్ రూమ్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"మేడమ్, మిషనుకు కుంకుమ వద్దండీ. ప్లీజ్."

"ట్రాక్టరుకు పెడతాం. మోటారుకు పెడతాం. ఇంట్లో రోకలికీ పెడతాం. నీ మిషను అంత కంటే గొప్పదా?"

"గొప్పది కాదండీ, సున్నితం."

"సున్నితమైతే చిన్న బొట్టు పెడతాలే."

అదొక్కటీ కాదు. ముహూర్తానికి మిషను ఒకసారి తిప్పాలి, ఆ తిప్పినప్పుడు నొక్కిన పలకే వచ్చినవాళ్లకు చూపించాలి. అదీ ఆవిడ పట్టు. రంగారావు గారు సరేనన్నారు. ఆయన ఇంట్లో దేనికైనా సరేననే మనిషి, బయటే పులి. హర్ష అంతకుముందు కూడా లోపలికి గాజులు, పూలు, పౌడరు వద్దని మొత్తుకున్నాడు. ముత్తైదువుల చేతులు బోసిగా ఉండకూడదని ఆవిడ కొట్టిపారేశారు.

అంతా సర్దుకుంటుండగా ఆవిడ నా దగ్గరకొచ్చి, "నాంచారమ్మా, ఆ వేళకి నువ్వు కాస్త... అటు వెనక..." అన్నారు. మర్యాదస్తులు ఆ వాక్యాన్ని ఎప్పుడూ పూర్తి చేయరు. మనమే పూర్తి చేసుకుని వెళ్లిపోవాలి. మేరీని కూడా నాతో పంపారు. బొట్టు పెట్టుకోదని మేరీని, పెట్టుకోకూడదని నన్ను.

వెనక గదిలో మా పాత చేతి ప్రెస్సు ఉండేది. క్లీన్ రూమ్ కట్టకముందు దాంతోనే పని. అద్దాల పెట్టెలో ఉంటుంది, పెట్టెకు చిన్న ఫ్యాను, చేతులు దూర్చడానికి రెండు కంతలు, కంతలకు తొడుగులు. మేం తలుపేసుకుని కూర్చున్నాం.

"మీ దేవుడికి నా మీద కోపమేంటక్కా?" అంది మేరీ.

"ఆయనకేం తెలుసే పాపం. అంతా ఈవిడే చూసుకుంటుంది."

తలుపు తోసుకుని హర్ష వచ్చాడు. చేతిలో అతని పల్చటి పలక అచ్చు. "పిన్నిగారూ, అక్కడ సార్ అచ్చు ఒక్కటే నొక్కుతారంట. దీన్నెవరూ ముట్టుకోరు. మీరెలాగూ పూజకు రారుగా, కాస్త..." అని నాలుక కరుచుకున్నాడు.

"రాకపోవడం కాదు బాబూ, రానివ్వరు. ఇలా తే."

అవతల గంట మోగింది. గుమ్మంలో గుమ్మడికాయ పగిలింది. సాంబ్రాణి పొగ లేచింది, ఆ పొగను మా గాలి వడబోసే ఫ్యాను నోరారా పీల్చుకుంది. మేం మాత్రం తొడుగుల్లో చేతులు పెట్టి పలక కడిగాం, చుక్క వేశాం, నొక్కాం. ముందు నొక్కినవి ఊడదీస్తుంటే పుటుక్కుమన్నాయి. అప్పడమన్నది ఊరికే కాదు. మేరీ అంచు పట్టుకుంది, నేను లేపాను. చివరికొకటి నిలిచింది. పట్టి చూస్తే గాలిని పట్టుకున్నట్టుంది.

ఎదురు

మర్నాడు వచ్చినావిడను చూసి సుగుణమ్మ గారికి మతిపోయింది. జుట్టు మెడ దాకా కత్తిరించుకుని ఉంది. నుదుట బొట్టు లేదు, మెళ్లో ఏమీ లేదు, చేతికి వాచీ ఒక్కటే. పెళ్లయిందో లేదో, మొగుడున్నాడో లేదో చెప్పడానికి ఒక్క గుర్తు లేదు. సుగుణమ్మ గారు కుంకుమ భరిణె పట్టుకుని, ఇవ్వాలో వద్దో తెలియక ఆవిడ చుట్టూ తిరిగారు. నన్ను వెనక్కి పంపడానికి పట్టిన ఆలోచన క్షణం. ఈవిడ విషయంలో మాత్రం పొద్దున్నంతా పట్టింది.

చివరికి ధైర్యం చేసి భరిణె చాపారు. "వద్దండీ, అది ముట్టుకుంటే మళ్లీ మీ పలక ముట్టుకోకూడదు" అంది ఆవిడ, నవ్వుతూనే.

వెనక గది తలుపు సందులోంచి అంతా చూస్తూనే ఉన్నాం. రంగారావు గారు ముహూర్తపు పలకల జోడు ఇచ్చారు. ఆవిడ పెట్టుకుని, "మిర్చి వద్దు, తెల్లది పెట్టండి" అంది. హర్ష పెట్టాడు. ఆవిడ తల అటూ ఇటూ తిప్పింది.

"ఏంటీ మెరుపులు?"

"అదొక ఎఫెక్ట్ అండీ" అన్నారు రంగారావు గారు.

"చుట్టూ పొగమంచులా ఉంది."

"శీతాకాలం వస్తోందిగా అండీ."

ఇది నేను కల్పించింది కాదు, ఆ మాట ఆయన నిజంగానే అన్నారు. ఆవిడ జోడు తీసి బల్ల మీద పెట్టింది. పెట్టిన తీరులోనే తెలిసిపోయింది. బ్యాగు సర్దుకుంటోంది. టైల్స్ కొట్టు బోర్డు నా కళ్ల ముందు కనపడింది, జోడు లేకుండానే.

అప్పుడు హర్ష మా తలుపు వైపు తిరిగి గట్టిగా, "పిన్నిగారూ, ఆ పలక పట్రండి!" అన్నాడు.

శుభమా అని బయటి మనిషి వచ్చిన రోజు, నేను ఎదురు వెళ్లడమా? సుగుణమ్మ గారు కళ్లతోనే వద్దంటున్నారు. నేను పలకను మేరీకి ఇవ్వబోయాను. మేరీ పుచ్చుకోలేదు.

"నువ్వెదురెళ్తే కంపెనీ మునుగుద్దా? అది మునిగి అరగంటయింది. నడు అక్కా."

నడిచాను. సుగుణమ్మ గారు ఓ పక్కకు తిరిగి నిలబడ్డారు. హర్ష పలకను జోడులో బిగించాడు. కంపెనీ ఆవిడ చేతిలోకి తీసుకుని, "ఇందులో అద్దం ఉందా అసలు?" అంది. పెట్టుకుంది. తెల్ల కాగితం చూసింది. ఓ మూల నుంచి ఇంకో మూలకు కళ్లు తిప్పింది. తరువాత ఆవిడే, "ఇప్పుడు మీ మిర్చి పెట్టండి" అంది.

తీసి, "ఎవరు నొక్కారిది?" అని అడిగింది.

"మా టీమ్ అండీ" అన్నారు రంగారావు గారు.

"ఎక్కడ?"

"మా క్లీన్ రూమ్‌లో."

ఆవిడ క్లీన్ రూమ్ దగ్గరకు వెళ్లింది. గుమ్మంలో గుమ్మడికాయ చెక్క, నేలంతా ఎర్రగా కుంకుమ, మిషను నుదుట పెద్ద బొట్టు, గాలిలో సాంబ్రాణి వాసన. వెనక్కి తిరిగి రంగారావు గారిని చూసింది. ఆయన రేకుల్లోని దూదిని మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"అక్కడ కాదు మేడమ్, వెనక గదిలో. వీళ్లిద్దరు" అన్నాడు హర్ష.

ఆవిడ నా దగ్గరకొచ్చి చేతులు పట్టుకుని తిప్పి చూసింది. గాజు లేదు, ఉంగరం లేదు, గోరింటాకు లేదు. నా తల చూసింది, పూలు లేవు. నుదురు చూసింది.

"నువ్వెప్పుడూ ఇలాగే వస్తావా పనికి?"

"ఎక్కడికైనా ఇలాగేనమ్మా."

ఆవిడకు ఎంతో సంతోషం కలిగింది. మా ఓనరు వైపు తిరిగి, "చూశారా? ఇదీ పద్ధతి. ఇకనుంచి లోపలికి వెళ్లేవాళ్లంతా ఈవిడలాగే వెళ్లాలి" అంది.

ఆవిడకు నిజంగానే తెలియదు. పట్నంలో పెరిగిన మనిషి, శుభ్రత అనుకుంది. మిగతా అందరికీ తెలుసు. మేరీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సుగుణమ్మ గారి చేతిలో భరిణె మూత ఊడి కింద పడి, దొర్లుకుంటూ పోయి నా కాళ్ల దగ్గర ఆగింది. తీసి ఇద్దామనుకున్నాను. నా చేతి నుంచి పుచ్చుకుంటారో లేదోనని అక్కడే ఉండనిచ్చాను.

మీ గాజులు

పని నిలిచింది. పల్చటి పలకే ఖాయమైంది. అది తన ఆలోచనేనని రంగారావు గారు అందరికీ చెప్పుకున్నారు, "నేను ముందే అన్నానుగా, అప్పడంలా ఉండాలని." హర్ష నవ్వి ఊరుకునేవాడు. అతనికి కావలసింది పలక, పేరు కాదు. నేనైతే ఊరుకునేదాన్ని కాదు. ఎవరూ నన్ను అడగలేదు.

రేకుల కింద సీలింగు వేయించారు. గుమ్మం దగ్గర గోడకు కొత్త నియమం పడింది. గాజులు, పూలు, బొట్టు, పౌడరు, ఏవీ లోపలికి రాకూడదు. తెల్ల కోటు, తెల్ల టోపీ. మొదటి రోజు ఆడపిల్లలు అద్దం ముందు నిలబడి ఒకళ్లనొకళ్లు చూసుకుని బావురుమన్నారు. పెళ్లయి నెల తిరగని పిల్లొకతె గాజులు తీయనని మొండికేసింది. నా గాజులు పదిమంది అమ్మలక్కలు చుట్టూ చేరి, నా చేతుల్ని నేలకేసి కొట్టి పగలగొట్టారు. ఆ సంగతి ఆ పిల్లకు చెప్పలేదు. చెబితే ఇంకా ఏడుస్తుంది.

గుమ్మం దగ్గర ఎవరేం పెట్టుకొచ్చారో చూసే పని నాకే అప్పజెప్పారు. ఎందుకో మీరే ఆలోచించుకోండి. మళ్లీ దసరాకు పూజ గేటు బయటే జరిగింది. పూజయ్యాక సుగుణమ్మ గారు హారతి పళ్లెంతో నేరుగా క్లీన్ రూమ్ గుమ్మం దాకా వచ్చారు. నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ, చేతి నిండా గాజులు, తలలో మూరెడు మల్లెపూలు. గుమ్మంలో నేను.

నియమం ప్రకారం ఒక మాట అనాలి. ముత్తైదువును, పండగపూట, నాలాంటిది అనకూడని మాట. మేరీ లోపల నుంచి అద్దంలోంచి చూస్తోంది, ఏమంటానా అని. నేనేమీ అనలేదు. మామూలుగా అందరికీ ఇచ్చినట్టే తడి బట్ట చాపాను.

ఆవిడ బట్ట వైపు చూశారు. నా మొహం వైపు చూశారు. నన్ను వెనక్కి పంపినప్పుడు ఆవిడ ఎలా ఉన్నారో అలా ఉన్నాను, ఎంతో మర్యాదగా.

"సర్లే, మీ పని మీరు చూసుకోండి" అని ఆవిడ వెనక్కి తిరిగారు. ఆ తరువాత మరెప్పుడూ లోపలికి రాలేదు. పలకలు హాయిగా ఉన్నాయి.

కాబట్టి సలోమీ, సోమవారం నీతో చేరేవాళ్లందరికీ చెప్పు. గుమ్మం దగ్గర గాజులు తీయమంటే మొహాలు మాడ్చుకోవద్దు. గోడకు డబ్బాలుంటాయి, ఎవరి డబ్బా వాళ్లది. అందులో పెట్టి లోపలికి పోండి. సాయంత్రం మీ గాజులు మీకిస్తారు.